లిటిల్ మదర్ అనబడే ఒక అనుమానితురాలు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, మార్చి మొదటి వారంలో, నన్ను మూడు వారాల క్షేత్ర విధి మీద మలావీ దేశంలోని ఒక పల్లెటూరి పిల్లల గృహానికి పంపారు. అప్పటికి నేను ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ అనే ఊళ్లోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో కేసు రికార్డుల అధికారిని. అంతకుముందు ఇరవై నాలుగేళ్లు అదే ఊళ్లో పిల్లల వార్డు నర్సుగా పనిచేశాను. మోకాళ్లు అరిగాక కూర్చుని చేసే పని వెతుక్కున్నాను. మా కార్యాలయం మూతబడ్డ తివాచీల కొట్టు పైన మూడు గదులు. హోదాలో నాపైన సేఫ్‌గార్డింగ్ లీడ్ ఉండేది. పిల్లలకు ఎవరివల్లా హాని జరగకుండా కాచుకునే అధికారిణి అన్నమాట. పేరు హిల్లరీ. నా కింద ప్రింటర్ ఉండేది. అది నా మాట వినేది కాదు.

ఆ గృహానికి మేం మూడు రకాల సాయం పంపేవాళ్లం. నిధులు, వాలంటీర్లు, నిర్ణయాలు. మొదటిది ఎప్పుడూ చాలేది కాదు. మిగిలిన రెండూ అవసరానికి మించి ఉండేవి.

బయలుదేరే ముందు ప్రతి వాలంటీరూ ప్రమాద అంచనా పత్రం నింపాలి. జీతం తీసుకునే ఉద్యోగినే అయినా, అక్కడికి వెళ్లాక నేనూ వాలంటీరు చేసే పనులే చేయాలి కాబట్టి నాకూ ఆ పత్రం ఇచ్చారు. నలభై ఒక్క ప్రశ్నలు. నీటిగుర్రం ఎదురైతే ఏం చేస్తారు అన్నది పంతొమ్మిదోది. ఆ గృహం ఉన్న చోట నీటిగుర్రం మాట అటుంచి, దాని మడమ తడవడానికి కూడా నీళ్లు లేవు. బోరింగు దగ్గర బిందెల వరుస ఉంటుంది, అంతే. అయినా ‘ప్రశాంతంగా వెనక్కి నడుస్తాను’ అని రాశాను. పూర్తి మార్కులు వచ్చాయి.

నాతోపాటు వచ్చిన వాలంటీరు సునీత. కరీంనగర్ జిల్లా అమ్మాయి, లండన్ శివారు హేస్‌లో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. ఏడాది సెలవులన్నీ కూడబెట్టి ఈ మూడు వారాల మీద పెట్టింది. ఎయిర్‌పోర్టులో కలవగానే ఆమె అడిగిన మొదటి మాట ఇదీ.

“అంకుల్, నీటిగుర్రం ప్రశ్నకు మీరేం రాసిన్రు? నేను ‘ఉరుకుత’ అని రాసిన. ఫెయిల్ జేసి మళ్ల రాయమన్నరు.”

గృహంలో ముప్పై ఇద్దరు పిల్లలు, ఆరుగురు ఆయాలు, ఒక వంటమనిషి, ఒక గేటు కాపలాదారు ఉండేవారు. అందరి మీదా మాట్రన్ మిసెస్ బండా. అక్కడ పెద్దవాళ్లను గౌరవంగా పిలవాలంటే పేరుకు ముందు ‘మాయి’ చేరుస్తారు. మాయి అంటే అమ్మ. మాయి బండా అంటే బండా అమ్మగారు. పంతొమ్మిదేళ్లుగా ఆ గృహాన్ని నడుపుతున్న ఆ మనిషిని మా హ్యాండ్‌బుక్ ‘స్థానిక భాగస్వామి’ అని ఒకే ఒకచోట ప్రస్తావించింది. నీటిగుర్రానికి అరపేజీ ఇచ్చింది.

ఉదయం అయిదున్నరకు చెట్టుకు వేలాడదీసిన లారీ రిమ్మును ఇనుప కడ్డీతో కొడతారు. పిల్లలు లేచి ఎవరి పరుపు వాళ్లు చుట్టేస్తారు. పెద్దపిల్లలు ఆవరణ ఊడుస్తారు. చిన్నపిల్లలు ఊడ్చిన చోట పరిగెత్తుతారు. ఆరున్నరకు మొక్కజొన్న జావ, అందులో వేరుశనగ పొడి. ఏడింటికి బడి. నేను ఉదయం పూట క్లినిక్ గదిలో కూర్చుని పుళ్లు కడిగి, కళ్లు చూసి, బరువులు రాసేవాణ్ని. మధ్యాహ్నం ఎన్సిమా పెట్టేవారు. అంటే మొక్కజొన్న పిండిని గట్టిగా కెలికి చేసిన ముద్ద. నంద్యాల దగ్గర పల్లెలో సంకటి తిని పెరిగినవాణ్ని, ముద్దకు బొటనవేలితో గుంట చేసి ఆకుకూర అద్దుకోవడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. మాయి బండా నా చేతివైపు కాసేపు చూసి, ఇన్నేళ్లకు కోవెంట్రీవాళ్లు అన్నం తినడం వచ్చిన మనిషిని పంపారని ఆయాలతో అంది.

వాలంటీర్ల పనుల్లో మొదటిది పిల్లలకు చేతులు కడుక్కోవడం నేర్పడం. ప్రతి బ్యాచీ మొదటి వారమంతా అదే నేర్పేది. ముందు వచ్చిన బ్యాచీ నేర్పిందా అని తర్వాతి బ్యాచీ అడిగేది కాదు. చివరికి ఆ పిల్లలు ఎంత ఆరితేరారంటే, గేటులో కొత్త ముఖం కనిపిస్తే చాలు, ఆట ఆపి, వరుసకట్టి, చేతులు పైకెత్తి ఇరవై సెకన్ల పాట పాడేవాళ్లు. సబ్బు లేకపోయినా పాడేవాళ్లు, నీళ్లు లేకపోయినా పాడేవాళ్లు. మాకూ పాడారు. సునీత చప్పట్లు కొట్టింది. నేను పత్రంలో ‘పరిశుభ్రత శిక్షణ: పూర్తయింది’ గడిలో టిక్కు పెట్టాను. మేం ఇంకా సూట్‌కేసులు దించలేదు.

రెండోది, సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా ‘పర్యవేక్షిత ఆత్మీయ సమయం’. ఆ పేరు పెట్టింది నేనే. వాలంటీర్లు పిల్లల్ని దగ్గరకు తీసుకోవచ్చా కూడదా అని కార్యాలయంలో ఆరు వారాలు వాదన జరిగితే, మధ్యేమార్గం నేను రాసిచ్చాను. పక్కన కూర్చోవచ్చు, భుజం మీద చెయ్యి వేయవచ్చు, ఇంకో పెద్ద మనిషి చూస్తూ ఉండాలి. మొదటి రోజు నాలుగేళ్ల పిల్ల ఒకతె సునీత పక్కన ఒద్దికగా కూర్చుంది. నాలుగున్నర గంట వినబడగానే తన భుజం మీదున్న సునీత చెయ్యిని రెండు చేతులా తీసి, సునీత ఒళ్లోనే పెట్టి, లేచిపోయింది.

“అంకుల్,” అంది సునీత, “ఈ పోరికి మన రూల్స్ మనకన్న మంచిగ ఎరుక.”

నేను రాసిన నియమం అంత చక్కగా అమలవుతున్నందుకు ఆ పూట కొంచెం గర్వపడ్డానని డైరీలో ఉంది. నలభై ఏడేళ్లుగా డైరీ రాస్తున్నాను. అందులో నాకు అనుకూలంగా ఉన్నవాటిని మాత్రమే ఎత్తి రాసే వీలుంటే ఈ వ్యాసం ఇంకా చిన్నదయ్యేది.

మేం చేరిన మూడో రోజు శనివారం. బడి లేదు. చిసోమో అనే ఏడేళ్ల పిల్ల ఉతికిన గౌను వేసుకుని, జావ తాగగానే వచ్చి గేటుకు ఎదురుగా ఉన్న మెట్టు మీద కూర్చుంది. గేటు అంటే నిలువెత్తు రేకు, అవతల ఏమీ కనబడదు. ఆ పిల్ల ఆడలేదు, పిలిస్తే పలకలేదు. పది గంటల ప్రాంతంలో లేచి, గౌను దులుపుకుని, మామూలుగా ఆటలో కలిసిపోయింది. పిల్లల వార్డులో పనిచేసినవాడికి ఇలాంటివి కంటబడతాయి. ఆ సాయంత్రం ‘పిల్ల పరిస్థితికి బాగా అలవాటుపడింది’ అని రాసుకున్నాను.

మాయి బండాను అడిగితే ఆవిడ బీన్స్ ఏరడం ఆపలేదు. “అది మీ ఆఫీసును అడగాలి. నాకేమీ చెప్పకూడదన్నారు కదా,” అంది.

సోమవారం ఫైలు తీశాను. మా పద్ధతిలో పిల్లలు మూడు వర్గాలు. బంధువులు తీసుకెళ్లడానికి సిద్ధంగా ఉంటే ఎ. బంధువులు వచ్చి చూసిపోతుంటే బి. గత ఆరు నెలల్లో చూడ్డానికి ఎవరూ రాకపోతే సి. సి వర్గం పిల్లల్ని బడి టర్ము ముగియగానే రాజధాని దగ్గరున్న పెద్ద గృహానికి మార్చాలని మా సిఫార్సు. బస్సులో ఒక పగలంతా ప్రయాణం. అక్కడికి వెళ్లిన పిల్లను చూడ్డానికి ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్లగలిగినవాళ్లు లేరు. చిసోమో సి వర్గం. టర్ము ఆఖరి శుక్రవారం బస్సు.

ఎందుకు సి అయిందో వెనక్కి తిప్పి చూశాను. ఏడాది కిందట ఒక ఇంగ్లీషు వాలంటీరు, పిల్ల బడిలో నేర్చిన ఇంగ్లీషులో చెప్పిన మాటలు చెప్పినట్టే రాసిపెట్టాడు. తల్లి చనిపోయింది. నెలకోసారి, మొదటి శనివారం, ‘లిటిల్ మదర్’ వస్తుంది. లిటిల్ మదర్ వేరుశనగలు తెస్తుంది. ఆమె పేరు ఎస్నాత్.

ఈ కాగితం కోవెంట్రీ చేరింది. మా ఫారంలో ‘సంబంధం’ అన్న గడిలో ఎనిమిది మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. తల్లి, తండ్రి, తాత, అమ్మమ్మ, ఆంటీ, అంకుల్, తోబుట్టువు, ఇతరులు. తల్లి లేదని ఫైల్లో ఉంది కాబట్టి తల్లి కుదరదు. లిటిల్ మదర్ మిగిలిన ఆరింటిలోనూ లేదు. కాబట్టి ‘ఇతరులు’. ఇతరులు అని పడితే ఫైలు దానంతటదే సేఫ్‌గార్డింగ్‌కు పోతుంది. అక్కడ హిల్లరీ శ్రద్ధగా ఒక పేజీన్నర రాసింది. లిటిల్ మదర్ అంటే తల్లి బాధ్యతలు మోస్తున్న మైనర్ బాలిక కావచ్చు. చిన్న వయసులోనే తల్లి అయిన బాలిక కావచ్చు. పిల్లలు తమలో తాము ఆడుకునే ఆటలో పాత్ర కూడా కావచ్చు. వయసు తెలియదు, ఉద్దేశం తెలియదు, వేరుశనగల వెనక కారణం తెలియదు. విచారణ ముగిసేవరకు సందర్శనలు నిలిపివేయడమైనది. కారణం గోప్యం కాబట్టి గృహంలో ఎవరికీ తెలపరాదు.

విచారణ తొమ్మిది నెలలుగా సాగుతోంది. సాగడం అంటే ఫైలు ‘విచారణలో ఉంది’ అన్న అరలో ఉంది. ఈలోగా సందర్శనలు నిలిపివేయడం వల్ల సందర్శనలు సున్నా అయ్యాయి. సున్నా అయినందువల్ల పిల్ల సి వర్గంలోకి జారింది. మేమే గేటు మూసి, ఎవరూ రావడం లేదని రాసుకున్నాం.

నిజం చెప్పాలి. ఆ సోమవారం ఫైలు మొత్తం చదివి, విధానపరంగా ఎక్కడా లోపం లేదని తేల్చుకుని, మూసి పెట్టేశాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, చర్చి అయ్యాక, వసారాలో మాయి బండా వేరుశనగలు వలుస్తోంది. నేను పక్కన కూర్చుని సాయం చేస్తున్నాను. సునీత ఫోనులో కరీంనగర్‌కు వీడియో కాల్ చేసింది.

“చిన్నమ్మా, తిన్నవా? ఏం కూర? ... అయ్యో, ఇక్కడ అంత మంచిగనే ఉంది. గీడ అంకుల్ గూడ ఉన్నడు, మనోళ్లే. నువ్వేంది చిన్నమ్మా, గిట్ల బక్కగైనవ్? గోలీలు ఏసుకుంటున్నవా లేదా?”

ఫోను పెట్టేశాక, ఎవరు అని మాయి బండా అడిగింది. మీ అమ్మా? కాదు, అంది సునీత. ఆ అమ్మాయి ఇంగ్లండ్ వచ్చి మూడేళ్లే అయింది కాబట్టి ఆమె ఇంగ్లీషు ఇంకా పాడవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. “మై లిటిల్ మదర్.”

మాయి బండా ముఖం విప్పారింది. “మాయి వామ్‌ఙోనో! మీకూ ఉన్నారా? అమ్మ చెల్లెలేగా?”

“ఔ. అమ్మ అక్కయితే పెద్దమ్మ. బిగ్ మదర్.”

“మాకూ అంతే! అమ్మ అక్క పెద్దమ్మే. మరి ఇంగ్లీషువాళ్లు ఇద్దర్నీ ఆంటీ అంటారేమిటి, బస్సులో పక్కన కూర్చున్న మనిషిని అన్నట్టు?”

ఇద్దరూ నవ్వుకున్నారు. నా చేతిలో వేరుశనగ కాయ అలాగే ఉండిపోయింది. మా అమ్మ టీచరు ట్రైనింగుకు వెళ్లిన రెండేళ్లు నన్ను సాకింది మా చిన్నమ్మ. ఆవిడ ఇంకా ఉంది. నెలకు రెండుసార్లు ఫోను చేస్తాను. చిన్న, అమ్మ. లిటిల్, మదర్. రెండు భాషల్లోనూ ఉద్యోగం చేయగలనని దరఖాస్తులో రాసుకున్నవాణ్ని.

మాయి బండా నా ముఖం చూసి నవ్వు ఆపింది. “ఎస్నాత్‌ను ఆపింది అందుకేనా?” అని అడిగింది.

గోప్యత నిబంధన హ్యాండ్‌బుక్‌లో పదిహేడో పేజీలో ఉంది. టైపు చేసింది నేనే. అందుకే అని చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. “అందుకా!” అని ఒకసారి అని, మళ్లీ వలవడం మొదలుపెట్టింది. కాసేపటికి, ఎస్నాత్ ఏదో దొంగతనం చేసిందని మీకు తెలిసిందేమో అనుకున్నాం, ఆ పిల్ల కూడా అలాగే అనుకుంటోంది, అంది.

అప్పుడు గేటు కాపలాదారును పిలిచి అతని రిజిస్టరు తెప్పించింది. సందర్శకుల పేజీలో ఎస్నాత్ పేరు తొమ్మిది నెలలుగా లేదు. వెనక వైపు విరాళాల పేజీ ఉంది. ప్రతి నెలా మొదటి శనివారం అందులో ఒకే పద్దు. ‘స్థానిక దాత, వేరుశనగలు, ఒక సంచి.’ లోపలికి రానివ్వకూడదని ఆజ్ఞ ఉంది కానీ, దానం తీసుకోకూడదని లేదు. ఆమె నడిచి వచ్చి, గేటు బయట నిలబడి, కాపలాదారుతో అవసరమైనదానికన్నా ఎక్కువసేపు, అవసరమైనదానికన్నా గట్టిగా మాట్లాడి, సంచి ఇచ్చి వెళ్లిపోయేది. రేకు గేటు ఇవతల మెట్టు మీద కూర్చున్న పిల్ల వినేది. పరిస్థితికి బాగా అలవాటుపడిన పిల్ల.

‘స్థానిక దాతల ఆదరణ పెరుగుతోంది’ అని ఆ ఏడాది మా వార్తాలేఖలో ఒక పేరా వేశాం. ఇప్పుడు తెలిసింది, స్థానిక దాతలంతా ఒకటే మనిషని.

సోమవారం పొద్దున్నే హిల్లరీకి ఫోను చేశాను. ఆవిడ దుర్మార్గురాలు కాదు. నేను చూసిన అధికారుల్లో అందరికన్నా మర్యాదస్తురాలు. విన్నాక చాలా బాధపడింది. బాధపడుతూనే విధానం చెప్పింది. సేఫ్‌గార్డింగ్ నిర్ణయాన్ని మార్చే అధికారం ప్యానెల్‌కే ఉంది. ప్యానెల్ నెలకోసారి, మొదటి గురువారం కూర్చుంటుంది. చిసోమో బస్సు దానికి ఆరు రోజుల ముందే బయలుదేరుతుంది. ప్యానెల్‌ను ముందుకు జరపలేమా అంటే, ఒక సభ్యుడు మంచు మీద జారడానికి ఆల్ప్స్ వెళ్లాడు, కోరం లేదు. బస్సును ఆపలేమా అంటే, ఆపడం కూడా నిర్ణయమే, దానికీ ప్యానెల్ కావాలి.

ఇంకో దారి ఉంది. నిర్ణయం సరైనదే కానీ దానికి ముందు నమోదులో పొరపాటు జరిగిందని తేలితే, దాన్ని క్లరికల్ ఎర్రర్ అంటారు. దాన్ని ప్యానెల్ లేకుండా ఆ రోజే సరిదిద్దవచ్చు. సరిదిద్దితే ఆంక్ష పుట్టనట్టే లెక్క, పిల్ల తిరిగి బి వర్గంలోకి వస్తుంది. అందుకు ఒకటే కావాలి. పొరపాటు చేసిన అధికారి పేరు.

‘ఇతరులు’ అని ఎంచిన నమోదు మా గదిలోని లాగిన్‌తో జరిగింది. ఆ లాగిన్ నేనూ, డెరెక్ అనే సహోద్యోగీ ఇద్దరం వాడేవాళ్లం. సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒకటి మిగులుతుందని. డెరెక్ అప్పటికే సంస్థ వదిలి డెవన్‌లో టమాటాలు పండించుకుంటున్నాడు. హిల్లరీ కాస్త ఆగి, డెరెక్ అయ్యుండొచ్చు కదా, అతనికి ఇప్పుడు దీనివల్ల వచ్చే ఇబ్బంది కూడా ఏమీ లేదు, అంది. నాకు పదవీ విరమణకు పదకొండు నెలలుంది. ఆమె నా మేలు కోరే అంది.

అయ్యుండొచ్చు అనే నాకూ అనిపించింది. అనిపించాలని కోరుకున్నాను కూడా. అయినా అలవాటు కొద్దీ ఇంటికి ఫోను చేసి, ఆ జూన్ నెల డైరీ తీయమని మా ఆవిడ ప్రమీలను అడిగాను.

“లాఫ్ట్‌లో పెట్టినారు గదా. మీ మోకాళ్లే అరిగినాయా, నావి కొత్తగా కొనుక్కున్నానా?” అని ఎక్కింది. పెట్టెలు లాగిన చప్పుడు వినబడింది. తేదీ చెప్పాను. చదివింది.

“‘బుధవారం. వాన. పదకొండు రిఫరల్స్ మధ్యాహ్నంలోపు పూర్తి. ఒకదాంట్లో లిటిల్ మదర్ అనే వింత మాట. ఇతరులు కింద వేసి హిల్లరీకి పంపాను. సాయంత్రం చిన్నమ్మకు ఫోను. పంటినొప్పి తగ్గిందట.’” పేజీ మళ్లీ పైనుంచి కిందికి చూసినట్టుంది. తర్వాత, “ఏమండీ, పైన లిటిల్ మదర్, కింద చిన్నమ్మ. మధ్యలో ఒక్క గీత గూడా లేదే. ఏం చదివినారో ఏందో! ఇంగ్లీషులో వస్తే మీకు సొంత చిన్నమ్మ గూడా గుర్తుకురాదా?”

డైరీ మళ్లీ పెట్టెలో పెట్టేయమన్నాను.

“ఆ డెరెక్ పేరు ఎత్తినారంటే నేను ఊరుకోను,” అంది. నేను డెరెక్ మాట ఎత్తనే లేదు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం.

నివేదిక ఒక పేజీ రాశాను. ఆ నమోదు చేసింది నేనని, ఆ మాటకు అర్థం నా మాతృభాషలో ఉందని, అది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసని, ఆ రోజు గుర్తించలేదని. పిల్ల చెప్పింది ఆ ఇంగ్లీషు వాలంటీరు తు.చ. తప్పకుండా రాశాడని, అతని తప్పేమీ లేదని కూడా చేర్చాను. బంధుత్వానికి రుజువు కావాలన్నారు. మా భాషలోనూ వాళ్ల భాషలోనూ ఒకేలా ఉన్న పెద్దమ్మ, చిన్నమ్మ వరసలు వివరిస్తూ ఇంకో అరపేజీ రాశాను. ఇన్నేళ్లూ సంస్థ రికార్డుల్లో నా తెలుగు ‘భాషాపరమైన అవసరం’ అన్న శీర్షిక కింద ఉండేది. ఆ అరపేజీతో ‘నిపుణుల అభిప్రాయం’ అయింది. పంపిన నలభై నిమిషాలకు ఆంక్ష రద్దయింది. తొమ్మిది నెలల విచారణ కన్నా పొరపాటు దిద్దడం అంత సులువని అంతకుముందు నాకు తెలియదు.

మూల్యం కూడా విధానం ప్రకారమే చెల్లించాను. కొత్త రిఫరల్స్, అంటే గృహం నుంచి కొత్తగా వచ్చే పిల్లల కాగితాలు, చూసే పని నా దగ్గర నుంచి తీసేశారు. ఆ ఏడాది మదింపులో నాకు ‘మెరుగుపడాలి’ అని వచ్చింది. ఆన్‌లైన్‌లో ‘సాంస్కృతిక అవగాహన, మొదటి మెట్టు’ అనే కోర్సు చేయమన్నారు. అందులో మూడో పేజీలో, వేరే సంస్కృతివాళ్లతో మర్యాదగా ఎలా మాట్లాడాలో చూపడానికి ఒక నెరిసిన తల భారతీయుడి బొమ్మ వేశారు. అతనితో మర్యాదగా మాట్లాడటం నేర్చుకున్నాను. ఎనభై రెండు శాతం వచ్చింది.

ఆంక్ష రద్దయిన రెండో రోజు ఎస్నాత్ వచ్చింది. కబురు మాయి బండా పంపింది. పాతికేళ్లు దాటిన మనిషి, వీపున పసిబిడ్డ, నెత్తిన సంచి. గేటు తెరిచారు. చిసోమో పరిగెత్తలేదు. నడిచి వెళ్లి ఆమె చీరలాంటి గుడ్డ అంచు పట్టుకుని నిలబడింది, ఇక వదల్లేదు. పర్యవేక్షిత ఆత్మీయ సమయం నాలుగింటికి కదా అని నాకు గుర్తుచేసినవాళ్లెవరూ లేరు.

ఆమెకు క్షమాపణ చెప్పాలని నేను ఇంగ్లీషులో మూడు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. మాయి బండా వాటిని వాళ్ల భాషలో ఒక్క వాక్యంగా చెప్పింది. అది బహుశా మెరుగ్గా ఉండి ఉంటుంది. ఎస్నాత్ విని, ఒక ప్రశ్న అడిగింది. మే నెలలో నా భర్తను కూడా తీసుకువస్తాను, మేం పిల్లను మా ఇంటికి అడగాలనుకుంటున్నాం, అతనికి మీ కాగితంలో చోటుందా, లేకపోతే అతని వల్ల మళ్లీ గేటు మూస్తారా?

చిన్నాన్నకు మా ఫారంలో చోటు లేదు. ఉందని చెప్పాను. కోవెంట్రీకి తిరిగి వచ్చి, ఆమె భర్తతో వచ్చేలోపు ఆ మాట నిజం చేయడానికి నా మిగిలిన ఉద్యోగంలో నాలుగు వారాలు పట్టింది. సంబంధం గడిలోని ఎనిమిది మాటల జాబితా తీసేసి, దాని చోట ఒక ఖాళీ గీత, ఒక ప్రశ్న పెట్టించాను. ‘పిల్ల ఈ మనిషిని ఏమని పిలుస్తుంది? పిల్ల భాషలోనే రాయండి. అర్థం పక్కన మాట్రన్ చేత రాయించండి.’ ఖాళీ గీతలో రాసినవాటితో గుండ్రటి పై-చార్టులు గీయలేమని ఐటీవాళ్లు అభ్యంతరం చెప్పారు. ట్రస్టీల సమావేశంలో పది నిమిషాలు చర్చ జరిగింది. చార్టులు లేకుండా కూడా పిల్లలు బతకగలరని చివరికి తీర్మానించారు.

జిల్లా సంక్షేమ అధికారి విచారించి, ఆగస్టులో చిసోమోను ఎస్నాత్ ఇంటికి పంపారు. మా వార్షిక నివేదికలో ఆ పిల్ల ‘లబ్ధిదారుల సంఖ్యలో తగ్గుదల’ అన్న వరుసలో వచ్చింది. తగ్గుదలకు కారణం ఏమిటని ఒక ట్రస్టీ ఆందోళనగా అడిగాడు. చిన్నమ్మ తీసుకెళ్లిందని చెప్పాను. తెలుగులోనే చెప్పాను. మినిట్స్‌లో స్పెల్లింగ్ ఏమిటని కార్యదర్శి అడిగితే, రాసిచ్చాను.

రికార్డుల పనిలోకి వచ్చే కొత్తవాళ్లు నా అనుభవం చెప్పమంటే నేను చెప్పేది ఇంతే. ఫైల్లో ఒక మాట వింతగా కనిపిస్తే, దాన్ని పై అధికారికి పంపేముందు, ఆ మాట తెలిసిన మనిషికి ఫోను చేయాలి. మాయి బండా నంబరు ఆ బుధవారం నా బల్ల మీదే ఉంది. అడిగి ఉంటే అయిదు నిమిషాల పని. నేను అడగలేదు. ఆ అయిదు నిమిషాల ఖరీదు తొమ్మిది నెలలు, చెల్లించింది నేను కాదు.